మా పిల్లల గోత్రం అడక్కండి

పోయిన ఏడాది దసరాకు వారం రోజుల ముందు ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు మా ఇంటికొచ్చారు. పండుగ సందర్భంగా సభ పెడుతున్నామనీ, నాకు ‘ఆదర్శ మాతృమూర్తి’ అని సన్మానం చేస్తామనీ చెప్పారు. అంతవరకు ఇబ్బంది లేదు, శాలువా వద్దంటే సరిపోతుంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. “మీరు పెంచుకున్న ఐదుగురినీ వేదిక మీదికి పిలుస్తాం మేడమ్. మీ సొంతమ్మాయి కింద ముందు వరసలో కూర్చుంటే చాలు.”

మా రెండో అమ్మాయికి ముప్ఫై ఏళ్లు దాటాయి. ఉద్యోగం చేస్తోంది, ఒక పాపకు తల్లి. టీ తీసుకొస్తూ ఈ మాట విన్నది. కప్పులు బల్ల మీద పెట్టి, “మెడలో బోర్డు కూడా వేసుకోమంటారా అంకుల్?” అని అడిగింది.

వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లలో ఒకామె 1990లలో సారా వ్యతిరేక ఉద్యమంలో నాతో కలిసి ఊరూరా తిరిగిన మనిషి. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. సంప్రదాయవాదులతో తగువు వేరు, అది ఎప్పుడూ ఉండేదే. ఇది మన ఇంటి తగువు. కుటుంబంలో ప్రజాస్వామ్యం గురించి రోజూ ఉపన్యాసాలిచ్చే మనం, పెంపుడు పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు రక్తం లెక్కలు చూస్తున్నాం? అదీ పండుగ నాడే ఎందుకు చూస్తున్నాం?

మాది పెద్ద కుటుంబం. ఆరుగురు పిల్లలు. పెద్దమ్మాయిని నేను కన్నాను. రెండోది 1993లో ఐదు నెలల పాపగా వచ్చింది. 1996లో బాబు. 2002లో మూడో అమ్మాయి. 2008లో ఒక అక్కాతమ్ముడు, వస్తూనే వాళ్లకు తొమ్మిదేళ్లూ ఆరేళ్లూ. నా పుట్టిల్లు తెనాలి వైపు, మా ఆయనది వరంగల్. కాబట్టి మా ఇంట్లో భోగి పళ్లూ ఉన్నాయి, బతుకమ్మా ఉంది. తర్వాత వచ్చి చేరినవి మరికొన్ని ఉన్నాయి, వాటి సంగతి ముందు ముందు చెబుతాను.

మామూలు రోజుల్లో ఎవరూ ఏమీ అడగరు. బడి రిజిస్టర్లో, రేషన్ కార్డులో తల్లి పేరు, తండ్రి పేరు రాస్తే చాలు. పండుగ వచ్చిందంటే మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. పండుగంటే కుటుంబం తనవాళ్లెవరో, పైవాళ్లెవరో లెక్క తీసుకునే రోజు. ఎవరికి కొత్త బట్టలు, ఎవరికి హారతి, ఎవరి పేరు సంకల్పంలో చదవాలి, ఎవరు పీట మీద కూర్చోవాలి అని ఆ రోజు అందరి ఎదుటా తేలుతుంది.

1995 సంక్రాంతికి పిల్లలిద్దర్నీ తీసుకుని తెనాలి వెళ్లాను. పెద్దదానికి ఐదేళ్లు, చిన్నదానికి రెండు. భోగి సాయంత్రం పేరంటాళ్లు వచ్చారు. పెద్దదాన్ని పీట మీద కూర్చోబెట్టి, రేగుపళ్లూ చెరుకుముక్కలూ చిల్లర డబ్బులూ పూలరేకులూ కలిపి నెత్తిన పోశారు. ఆ తర్వాత చిన్నదాన్ని కూర్చోబెట్టబోతే, పళ్లెంలోంచి గుప్పెడు రేగుపళ్లు తీసి దాని చేతిలో పెట్టి, “నువ్వు తినమ్మా” అన్నారు. పోయడం వేరు, చేతిలో పెట్టడం వేరు. ఆ తేడా అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. అలా చేసింది ఎవరో కాదు, మా అమ్మే. నేను ఆ రోజు ఏమీ అనలేదు. పండుగ పూట గొడవెందుకని ఊరుకున్నాను. ‘పండుగ పూట గొడవెందుకు’ అన్న ఒక్కమాటతో ఆడవాళ్ల నోళ్లు ఎన్నిసార్లు మూయించారో లెక్కపెడితే ఒక ఉద్యమ చరిత్ర అవుతుంది.

ఇక గోత్రం. గుడిలో అర్చన టిక్కెట్టు కొంటే గోత్రం, నక్షత్రం అడుగుతారు. ఎవరో వదిలి వెళ్లిన పసిబిడ్డకు నక్షత్రం ఎక్కడిది? పుట్టినరోజే డాక్టరు అంచనా కట్టి రాసినది. నిజానికి పూజారులకు ఇది పెద్ద సమస్య కాదు. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పించే ఆచారం ఉండనే ఉంది. ఇబ్బందంతా పక్కన నిలబడ్డ బంధువులది. “ఆ పిల్లకు మన గోత్రం చెప్పొచ్చా?” అని చెవిలో అడుగుతారు.

వాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతున్నాను. మీ గోత్రం ఎక్కడినించి వచ్చింది? నేను ఇరవై రెండేళ్లు ఒక గోత్రంలో ఉన్నాను. ఒకనాటి ఉదయం మెడలో మూడు ముళ్లు పడ్డాయి. సాయంత్రానికి నాది వేరే గోత్రం, వేరే ఇంటిపేరు, వేరే కులదేవత, వేరే ఆచారాలు. రక్తసంబంధం చుక్కంత లేదు. అయినా అత్తింట్లో మొదటి పండుగకే దీపం పెట్టింది నేనే, వాళ్ల పెద్దల పేరు మీద వంట చేసింది నేనే. మా అత్తమ్మ కూడా అలా వచ్చినామే. ఆమె అత్తగారూ అంతే. ఈ వంశానికి ఇన్ని తరాలుగా ఆచారాలు నిలబెట్టినవాళ్లంతా ఈ వంశంలో పుట్టనివాళ్లే. ఏ పండుగకు ఏ పిండివంట, ఏ నోముకు ఏ వాయనం అని కొడుకులకు తెలియదు, కోడళ్లకు తెలుసు. సంప్రదాయం రక్తంలో వస్తుందనేవాళ్లు మన వంటిళ్లలోకి వచ్చి ఒక్కసారి చూడాలి. అది చేతులు మారుతూ వస్తోంది, నేర్పితే వస్తోంది.

పెళ్లయిన ప్రతి ఆడదీ ఒక లెక్కలో దత్తు వచ్చిన మనిషే. ఇరవై రెండేళ్ల మనిషిని ఒక్క ముహూర్తంలో తమ గోత్రంలో కలుపుకోగలిగిన వంశం, ఐదు నెలల పసిగుడ్డును ముప్ఫై ఏళ్లయినా కలుపుకోలేకపోతే దానికి కారణం శాస్త్రం కాదు. కోడలు వస్తే పనికి మనిషి వస్తుంది, కట్నం వస్తుంది, వారసుణ్ణి కనే కడుపు వస్తుంది. పెంపుడు కూతురు వస్తే ఆస్తిలో వాటా అడుగుతుంది. అసలు లెక్క ఇదీ.

కొడుకు విషయంలో ఈ పట్టింపు ఎలా సడలిందో కూడా చెబుతాను. 1996లో బాబును తెచ్చుకున్నప్పుడు, మూడేళ్లుగా రెండోదాన్ని ఎత్తుకోవడానికి వెనకాడిన మా అత్తమ్మ వాణ్ణి గుమ్మంలోనే అందుకుంది. ఆ ఏడు పెత్రమాస నాడు పెద్దల పేర బియ్యమిచ్చేటప్పుడు వాడి చిన్న చేతిని పళ్లానికి తాకించారు. పక్కనే పెద్దమ్మాయి నిలబడి ఉంది. అది వాళ్ల రక్తమే, వాళ్ల కొడుకు కన్న కూతురే. “నేనూ ముట్టుకుంటా” అంటే “ఆడపిల్లలు ముట్టరాదు బిడ్డా” అన్నారు. ఆ క్షణాన నాకు అర్థమైంది. రక్తం లేని కొడుకు చెల్లుతాడు, రక్తమున్న కూతురు చెల్లదు. అంటే ఇది పెంపుడు పిల్లలకు మాత్రమే జరిగే అన్యాయం కాదు. కన్న కూతుర్ని ‘ఆడ’పిల్ల అని, అంటే ఎప్పటికైనా అక్కడికి పోయే పిల్ల అని గుమ్మంలో నిలబెట్టిన పితృస్వామ్యమే పెంపుడు కూతుర్ని గుమ్మం బయట నిలబెట్టింది. ఈ రెండు పోరాటాలూ వేరు కావు.

చట్టం కూడా చాలాకాలం ఈ గుమ్మం దగ్గరే కాపలా కాసింది. శాస్త్రం ప్రకారం దత్తతంటే కొడుకునే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంతో గానీ హిందువులందరికీ ఆడపిల్లను దత్తత తీసుకునే వీలు కలగలేదు. ఆ చట్టంలో దత్తహోమం తప్పనిసరి కాదని స్పష్టంగా ఉంది, అది మంచిదే. కానీ 11వ సెక్షన్లో ఒక మెలిక ఉంది. ఇంట్లో అప్పటికే కూతురుంటే మరో కూతుర్ని, కొడుకుంటే మరో కొడుకును దత్తత తీసుకోవడానికి వీల్లేదు. నాకు కన్న కూతురుంది కాబట్టి 1993లో వచ్చిన పాప చట్టరీత్యా నాకు కూతురు కాలేకపోయింది. తెల్లదొరల కాలపు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద నన్నూ మా ఆయన్నూ సంరక్షకులుగా నియమించారు. బిడ్డ మేజర్ అయితే ఆ సంరక్షణ ముగిసిపోతుంది. వారసత్వం రాదు. బాబు విషయంలో సెక్షన్ అడ్డు రాలేదు. అయితే భర్త ఉన్న ఆడదానికి దత్తత తీసుకునే హక్కు అప్పుడు లేదు. దత్తత తీసుకున్నది ఆయన, నేను సమ్మతి తెలిపినదాన్ని. భార్య కూడా భర్త సమ్మతితో దత్తత తీసుకోవచ్చని సవరించడానికి 2010 దాకా పట్టింది.

2000లో వచ్చి, 2006లో సవరణ పొందిన జువెనైల్ జస్టిస్ చట్టం ఈ మెలికను విప్పింది. ఇంట్లో ఎంతమంది కూతుళ్లున్నా మరో కూతుర్ని తెచ్చుకోవచ్చు. ఏ మతం వాళ్లయినా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని షబ్నం హష్మీ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడున్న 2015 చట్టం 63వ సెక్షన్ ప్రకారం దత్తత వచ్చిన బిడ్డ అన్ని విధాలా ఆ తల్లిదండ్రుల బిడ్డే. 2008లో వచ్చిన ఇద్దరికీ, ఆ తర్వాత మూడోదానికీ ఈ చట్టం కింద ఉత్తర్వులు వచ్చాయి. రెండోదానికి కూడా మళ్లీ కోర్టుకు వెళ్లొచ్చని మాకు ఎవరో చెప్పేసరికి దానికి పద్దెనిమిదేళ్లు దాటాయి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ 1986లోనే చట్టం చేసిన రాష్ట్రం మనది. ఆ చట్టం గురించి గ్రామాల్లో ప్రచారం చేసినదాన్ని నేను. నా కూతురికి మాత్రం వీలునామా తప్ప దిక్కు లేకపోయింది. ఒకే కంచంలో తిన్న ఆరుగురికి ఇన్ని రకాల కాగితాలు! కాగితం సగమే ఇచ్చిన చోట పండుగ కూడా సగమే ఇస్తే ఆ బిడ్డకు మిగిలేదేమిటి?

ఆచారం, ఆచారం అని గుండెలు బాదుకునేవాళ్లకు వాళ్ల పండుగల్లోనే ఉన్న సంగతి గుర్తుచేయాలి. భోగి నాడు వైష్ణవాలయాల్లో గోదా కల్యాణం చేస్తారు. గోదాదేవి ఎవరు? విష్ణుచిత్తుడికి తులసి వనంలో దొరికిన పాప. శ్రీరామనవమికి భద్రాచలంలో ప్రభుత్వమే పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపి కల్యాణం జరిపిస్తుంది. సీత నాగటిచాలులో దొరికింది. ఆమెకు జనకుడి వంశం చెబుతారు, జానకి అని పిలుస్తారు. తిరుపతి వెంకన్న పెళ్లాడిన పద్మావతి ఆకాశరాజుకు పొలం దున్నుతుంటే తామరపువ్వులో దొరికింది. ఆ వెంకన్నను సాకింది కనని తల్లి వకుళమాత. కృష్ణాష్టమికి మనం గుమ్మంలోంచి పాదాలు వేసేది యశోద పెంచిన పిల్లవాడికి. దొరికిన పిల్లలకూ పెంచిన తల్లులకూ ఏడాది పొడుగునా పండుగలు చేసే సమాజం, పక్కింటి పెంపుడు పిల్లను మాత్రం గోత్రం అడుగుతుంది! పురాణం ఒప్పుకుంది కాబట్టి మా పిల్లలకు హక్కు వచ్చిందని నేననడం లేదు. హక్కుకు పురాణం సాక్ష్యం అక్కర్లేదు. ఆచారం పేరు చెప్పి అడ్డం పడేవాళ్లకు ఆచారం కూడా తెలియదని మాత్రమే అంటున్నాను.

మా రెండోదాని పెళ్లి 2019లో ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఆ దరఖాస్తులో గోత్రానికి గడి లేదు. ఇప్పుడు దానికి పుట్టిన పాపకు తండ్రి గోత్రం ఉందట, కాబట్టి ఏ ఇబ్బందీ లేదట! మూడు పదుల ఏళ్లు మమ్మల్ని సతాయించిన ప్రశ్న పెళ్లితో మాయమైపోయింది. తల్లి గోత్రం ఎవరికి కావాలి గనక?

ఇప్పుడు అభ్యుదయవాదుల వైపు వస్తాను. మా ఆయన నాస్తికుడు. సభల్లో మాట్లాడే మనిషి. “పండుగలే వద్దనుకుంటే ఈ బాధ ఉండదు కదా” అని నాతోనూ చాలామంది మిత్రులు అన్నారు. 2008 డిసెంబరు మొదటి వారంలో, మా ఇంటికొచ్చి నాలుగు నెలలే అయిన తొమ్మిదేళ్ల పిల్ల నన్ను అడిగింది: “అమ్మా, మనింటికి స్టార్ ఎప్పుడు కడతారు?” వాళ్ల అమ్మ బతికుండగా రేకుల ఇంటికి కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెట్టేదట. ఆ పిల్లకు అమ్మ గురించి మిగిలిన జ్ఞాపకాల్లో అదొకటి. నేను మా ఆయనతో చెబితే, “మనం ఏ మతం పండుగలూ చేయం కదా, పిల్లలకు మతం అంటించడమెందుకు” అన్నాడు. అదే మనిషి ఉగాదికి పచ్చడి తింటాడు, దీపావళికి పిల్లలతో చిచ్చుబుడ్లు కాలుస్తాడు, సంక్రాంతికి సకినాల డబ్బా ఖాళీ చేస్తాడు. అవి మతం కాదు, మన సంస్కృతి! నక్షత్రం మాత్రం మతం!

ఎక్కువమంది చేసుకునే పండుగ గాలిలాగా కనిపించకుండా ఉంటుంది. తక్కువమంది చేసుకునేది మాత్రం కంట్లో పడుతుంది. ఈ సంగతి మతతత్వం మీద వ్యాసాల్లో మనమే రాస్తాం. అది మన హాల్లో జరుగుతుంటే గుర్తుపట్టం. పైగా పండుగ వద్దనడం మగవాళ్లకు తేలిక. ఏనాడూ చెయ్యనిదాన్ని మానెయ్యడానికి కష్టమేముంది? తల్లిని పోగొట్టుకున్న పిల్ల దగ్గరనించి ఆమె చివరి దీపాన్ని కూడా లాక్కోవడం నాస్తికత్వం కాదు. ఆ రాత్రి నక్షత్రం కట్టాం. కట్టింది మా ఆయనే, బల్బు కనెక్షన్ ఆయనకే వచ్చు. వీధిలో కొందరు మేం మతం మారామనుకున్నారు. అప్పటినించి ప్రతి డిసెంబరులో మా గుమ్మానికి నక్షత్రం ఉంటుంది.

నా తప్పు కూడా చెప్పుకోకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మూడో అమ్మాయి కాగితాల్లో ‘తండా’ అన్న ఒక్క మాట ఉంది. ఆ మాటను నేను పన్నెండేళ్లు బీరువాలో దాచాను. పెంపుడు బిడ్డ అని చెప్పాను గానీ లంబాడా బిడ్డ అని చెప్పలేదు. ‘అన్నీ మన పండుగలే’ అనుకున్నాను. తొమ్మిదో తరగతిలో దాని స్నేహితురాలు శ్రావణంలో తీజ్‌కు తండాకు పోతూ సంగతంతా చెప్పింది. పెళ్లికాని పిల్లలు చిన్న బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లుపోసి మొలకలు పెంచుతారనీ, పాటలు పాడుతూ చివరిరోజు నీళ్లలో కలుపుతారనీ విని, మా పిల్ల ఇంటికొచ్చి, “మనకెందుకు లేదు?” అనడిగింది. “మనకు బతుకమ్మ ఉందిగా” అన్నాను. ఆ జవాబు నోట్లోంచి వస్తుండగానే సిగ్గేసింది. మా అమ్మ రేగుపళ్లు చేతిలో పెట్టినట్టే నేనూ చేశాను. పోయాల్సినది పోయకుండా గుప్పెడు చేతిలో పెట్టి తినమన్నాను.

ఆ రాత్రి కాగితం తీసి చూపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మరుసటేడు మా డాబా మీద బుట్టలో గోధుమలు వేసింది. పాటలు మాకెవరికీ రావు. స్నేహితురాలి తల్లి వచ్చి పాడింది, మా పిల్ల వెనకాల అంది, మేం పక్కన నిలబడి విన్నాం. పెంచిన తల్లి తన ఇంట్లో తానే అతిథి కావలసిన రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజును అవమానంగా అనుకుంటే ఆ తల్లికి బిడ్డ కావాలి గానీ బిడ్డ చరిత్ర అక్కర్లేదన్నమాట.

ఇక్కడ మన సంఘాల చరిత్ర కూడా గుర్తుచేసుకోవాలి. 1999లోనూ, 2001లోనూ తెలంగాణ తండాల నించి లంబాడా ఆడపిల్లల్ని కొని దత్తతకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. మహిళా సంఘాలు దాని మీద పోరాడాయి. బీదతల్లి చేతిలో కొన్ని వందలు పెట్టి వేలిముద్ర వేయించుకోవడం దత్తత కాదని చెప్పింది మనమే. ఇవాళ బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు చట్టంలో ఉంది. దత్తత వచ్చిన పిల్లలు తమ మూలాలు వెతుక్కోవడానికి దత్తత నిబంధనల్లో దారి ఉంది. మా పిల్ల ఆ అమ్మకాల దారిన వచ్చిందా? కాగితాలు చెప్పవు. ఆ తల్లి ఇష్టపడి ఇచ్చిందో, ఇప్పించారో నాకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. అందుకే మా ఇంటి పండుగలో ఆమెకు చోటుండాలి. దత్తతను దానధర్మంగా పొగిడేవాళ్లు ఆ తల్లిని మరిచిపోతారు. దత్తతంటే అమ్మకమే అనేవాళ్లు ఈ బిడ్డను మరిచిపోతారు. మన పత్రికల్లో పెంపుడు బిడ్డ అయితే బాధితురాలు, కాకపోతే అదృష్టవంతురాలు. ఒక ఇంటి మనిషిగా, పండుగ పూట అలిగే పిల్లగా, గారె మాడిందని దెబ్బలాడే పిల్లగా ఎక్కడా కనిపించదు.

మంచి ఉద్దేశంతో మొదలైన కొత్త ఆచారాలు కూడా పరీక్షకు నిలబడాలి. పిల్లలు ఇంటికొచ్చిన రోజును మేం చిన్నప్పటినించీ కేకు కోసి చేసేవాళ్లం. 2008లో వచ్చిన అమ్మాయి పదకొండో ఏట, “ఆ రోజు నేను రాత్రంతా ఏడ్చానని నువ్వే చెప్పావు. మరి కేకెందుకు?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మాకు వచ్చినరోజు, దానికి పోగొట్టుకున్నరోజు. అప్పటినించి ఎవరి రోజును వాళ్లే నిర్ణయించుకుంటున్నారు. బాబుకు కేకు కావాలి, చేస్తాం. ఆ అమ్మాయి ఆ సాయంత్రం తమ్ముణ్ణి తీసుకుని ఎక్కడికైనా నడిచి వస్తానంది, పంపిస్తాం. కృతజ్ఞత చూపించే పని పిల్లల మీద పెట్టే పండుగ ఏదైనా మానెయ్యదగినదే.

ఇన్ని పండుగలు ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న అడక్కుండా సంప్రదాయాల గురించి మాట్లాడితే అది మరో మోసం. పండుగంటే ఆడవాళ్లకు రెండు రోజుల ముందు పిండి విసరడంతో మొదలై, మర్నాడు అంట్లు తోమడంతో ముగిసేది. ఆరుగురు పిల్లల ఇంట్లో అది రెండింతలు. మొదటి పదేళ్లు నేనే చేశాను, నడుం పోయింది. తర్వాత పనుల పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీయించడం మొదలుపెట్టాను. సంక్రాంతికి మా ఇద్దరు మగపిల్లలూ నేల మీద గుడ్డ పరిచి, తడి బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి సకినాలు చుడతారు. చిన్నవాడు చుట్టినంత సన్నంగా నాకు రాదు. ఈ ఇంటి సకినాలు మా అత్తమ్మ చేతినించి నాకు వచ్చాయి, నానించి వాడికి వెళ్లాయి. ఈ వరసలో ఎక్కడా రక్తం లేదు.

ఇప్పుడు మన సంఘాలకు కొన్ని మాటలు. దీపావళికి అనాథాశ్రమానికి వెళ్లి స్వీట్లు పంచి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటోలు తీయించి పత్రికలకు పంపే అలవాటు మనలోనూ ఉంది. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి. మీ పిల్లల చేతిలో ఎవరో లడ్డు పెట్టి ఫోటో తీస్తే మీరు ఒప్పుకుంటారా? ఆ పిల్లలకు పండుగ చేయదలిస్తే ముందు వాళ్లను అడగండి, ఇంతకుముందు మీ ఇంట్లో ఏ పండుగ ఎలా చేసేవారని.

దత్తత కుటుంబాలను సభలకు పిలవండి, కానీ ప్రదర్శనకు పిలవకండి. ‘సొంత పిల్లలెవరు’ అన్న ప్రశ్నను మన నోళ్లలోంచి తీసేయండి. నా పిల్లలందరూ సొంతమే. రెండోదానిలాగా పాత చట్టం కింద వార్డులుగా మిగిలిపోయిన ఆడపిల్లలకు వారసత్వం దక్కేలా చట్టం మార్చాలని అడగండి. గ్రామాల్లో, బస్తీల్లో పనిచేసే కార్యకర్తలు దత్తత సలహా ఇచ్చేటప్పుడు కాగితాల గురించి చెప్పి వదిలెయ్యకుండా, మొదటి పండుగ నాడు ఆ ఇంట్లో ఏం జరగబోతుందో కూడా చెప్పండి. పళ్లు నెత్తిన పోస్తారా, చేతిలో పెడతారా అని ఆ తల్లి ముందుగానే తేల్చుకోవాలి. నాలాగా ఊరుకోకూడదు.

2022 దత్తత నిబంధనల ప్రకారం ఇప్పటికే ఇద్దరు పిల్లలున్న దంపతులకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, మరెవరూ ముందుకు రాని పిల్లల్ని మాత్రమే ఇస్తారు. బంధువుల పిల్లల విషయం వేరు. అంటే ఇకముందు మా వంటి పెద్ద కుటుంబాల్లోకి వచ్చేది ఎక్కువగా వైకల్యమున్నవాళ్లూ, వయసొచ్చిన పిల్లలూ, అక్కాతమ్ముళ్లూ. అలా వయసొచ్చి వచ్చేవాళ్లు ఖాళీ చేతులతో రారు. ఒక పండుగనో, ఒక పాటనో, ఒక భాషనో వెంట తెచ్చుకుంటారు. వాటికి ఇంట్లో చోటివ్వడం దయ కాదు, ఆ బిడ్డ హక్కు.

ఆ సన్మాన సభకు మేం వెళ్లలేదు. వచ్చిన మిత్రురాలు మాత్రం తర్వాత ఒకరోజు ఒంటరిగా వచ్చింది. “నీ పిల్లలెవరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఏం చెయ్యను?” అంది. సంక్రాంతికి రమ్మన్నాను. వచ్చింది. మా మనవరాలికి భోగి పళ్లు పోసేటప్పుడు పళ్లెం ఆమె చేతికే ఇచ్చింది మా రెండోది. పీట పక్కన మా అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. తొంభై ఏళ్లకు దగ్గరపడింది, చూపు ఆనదు. ఆమె కూడా వణికే చేత్తో గుప్పెడు తీసుకుని, తడుముకుని, ఆ పాప నెత్తిన పోసింది. ముప్ఫై ఏళ్లు పట్టింది. ఇంకొక ఇంట్లో ఇంకొక పిల్ల ఇన్నేళ్లు ఎదురుచూడనక్కర్లేదు.

ఈ విషయం మీద పాఠకులు, ముఖ్యంగా పెంచిన తల్లులు, పెరిగిన కూతుళ్లు తమ అనుభవాలు రాయాలని కోరుతున్నాను. నాతో విభేదించేవాళ్లు ఇంకా ముందు రాయాలి.